ఇంజిన్ కింది రేకు

మే 5, సోమవారం

బండి బాగై వచ్చింది. ఇంజిన్ కేసు ఎడమ సగం కొత్తది వేశారు. పాతది సంచిలో పెట్టి నాకే ఇచ్చేశారు. దాని చిల్లులో నా బొటనవేలు పడుతుంది. ఫిబ్రవరిలో రాళ్లు మెట్లలా ఉండే మెట్ల కనుమ దగ్గర తగిలిన రాయి పని అది. నూనె మొత్తం కారిపోతే బండిని అక్కడే వదిలి కిందికి నడిచి వచ్చాను.

అప్పటినుంచి కనుమ పైనున్న హా-సెకోటో క్లినిక్ నుంచి పరీక్షకి పోవాల్సిన రక్తం సీసాలు, కఫం డబ్బాలు పశువులు కాసే త్సెలిసో గుర్రం మీద దిగుతున్నాయి. అవి ఇక్కడికి, లిత్సోయెంగ్‌కి, చేరేసరికి గురువారం ల్యాబ్ జీపు వెళ్లిపోతోంది. మళ్లీ జీపు వచ్చేదాకా ఫ్రిజ్‌లో ఉంటున్నాయి.

బండితోపాటు మ్మే పులేన్ కూడా వచ్చింది. జిల్లాలో ఉన్న క్లినిక్ బండ్లన్నీ ఆమె కిందే. ఆమె నన్ను న్తాతే, అయ్యా, అంటుంది; నేను ఆమెని మ్మే, అమ్మా, అంటాను.

"ఈ నెల్లోనే మళ్లీ పైకి ఎక్కాలి న్తాతే మోఖెలే. డబ్బాలు పాడైపోతున్నాయని ల్యాబ్ వాళ్లు నా ప్రాణం తీస్తున్నారు."

"రేకు లేకుండా ఎక్కను."

"ఏ రేకు?"

"ఇంజిన్ కింద వేసే రేకు. బండితో వచ్చింది ప్లాస్టిక్‌ది. గిన్నె మూతలా ఉంది."

"ఆర్డర్ పెట్టాను."

"అయితే అది వచ్చాకే."

ఆమె నా చొక్కా చేతికి కుట్టిన నల్లగుడ్డ వైపు చూసింది. కాగితం మీద సంతకం పెట్టించుకుని వెళ్లిపోయింది.

మే 8, గురువారం

మా ఆవిడ తల్లి, అత్తయ్య, హా-సెకోటో నుంచి ఫోన్ చేసింది. నల్లగుడ్డ తీసే రోజు పెట్టారట. జూన్ 14, శనివారం. మా ఆవిడ పోయిన నవంబరు నుంచి వేసుకున్నాను, ఇప్పటికే ఎక్కువైందని పెద్దలు అంటున్నారట.

"తెల్లవారే సరికి నువ్విక్కడ ఉండాలి అబ్బాయ్. మా తమ్ముడు లెబోనా గొర్రె చూసి పెట్టాడు."

"సరే అత్తయ్యా."

"ఇంకోటి. మాలిచాబా కూడా వస్తోంది."

మాలిచాబా మా ఆవిడ అక్క. సరిహద్దు అవతల బ్లూమ్‌ఫాంటైన్ పట్నంలో ఉంటుంది. పిల్లలు లేరు. మా కూతురు కెనేవె నవంబరు నుంచి అత్తయ్య దగ్గరే ఉంటోంది.

"సోమవారం తిరిగి వెళ్తూ కెనేవెని తీసుకెళ్తానంటోంది. అక్కడ బడి బాగుంటుందట. నాకా మోకాళ్లు లేవడం లేదు. నువ్వా నవంబరు నుంచి, క్లినిక్ దాకా వచ్చిన రోజుల్లో కూడా, ఒక్కసారి ఇంటికి రాలేదు."

"ఫిబ్రవరి నుంచి బండి లేదు గదా అత్తయ్యా."

"బస్సు లేదా?"

బస్సు ఉంది. అది కొండ చుట్టూ తిరిగి వెళ్తుంది, రోజంతా పడుతుంది.

"నీకిష్టం లేకపోతే వచ్చి చెప్పు. ఫోన్లో చెప్తే నేను ఒప్పుకోను. బిడ్డ ఎదురుగా నిలబడి చెప్పు," అంది అత్తయ్య.

బండి కింద ఎత్తు కొలిచాను. ముందు చక్రం నుంచి రేకుకు చోటు బాగానే ఉంది.

మే 11, ఆదివారం

గుడికి వెళ్లలేదు. బండి పని చేశాను.

క్లచ్ లివరు, బ్రేకు లివరు పట్టుకునే బోల్టులు కొంచెం వదులు చేశాను. గట్టిగా బిగిస్తే బండి పడ్డప్పుడు లివరు విరుగుతుంది. కొంచెం వదులుగా ఉంటే తిరిగి ఊరుకుంటుంది. హ్యాండిల్ చివరల నుంచి ఇనప పట్టీ వంచి చేతుల ముందు బిగించాను. ముందు ఫోర్కు మెరిసే గొట్టాలకు పాత ట్యూబు తొడుగులా చుట్టాను. గీత పడితే సీలు పోతుంది, సీలు పోతే నూనె బ్రేకు మీదికి కారుతుంది. గేరు లివరును ఇంజిన్ కేసుకు దూరంగా వంచాను. పక్కకి పడితే ఆ లివరే లోపలికి గుచ్చుకుంటుంది. చాలామందికి అలాగే చిల్లు పడుతుంది. చక్రాల్లో గాలి ఎక్కువ కొట్టాను. రాళ్ల మీద ఎగరేస్తుంది, పట్టు ఉండదు, కానీ రిమ్ము సొట్టపోదు.

తర్వాత చెయ్యడానికేమీ మిగల్లేదు. లివర్లు మళ్లీ ఒకసారి చూశాను.

మొక్కజొన్న సంకటి ఎప్పుడూ ఇద్దరికి సరిపడా అవుతుంది. తక్కువ పిండితో ఆ కుండలో గట్టిపడదు.

మే 13

వాన. రేకు రాలేదు.

మే 17, శనివారం

రేకు నేనే చేశాను. క్లినిక్ వెనక తుప్పుపట్టిన ధాన్యపు తొట్టి ఉంది, దాని అడుగు కోశాను. వెల్డింగు గనిలో పనిచేసినప్పుడు నేర్చుకున్నదే. రెండు పట్టీలు ఛాసిస్‌కి, ముందు ఒక వంపు. నూనె బోల్టు దగ్గర రంధ్రం. బరువుగా ఉంది. బరువైతే ఏం?

ముందు వంపు ఎత్తుగా పెట్టాను. ముందు చక్రం విసిరే రాళ్లు నేరుగా ఇంజిన్‌కి తగలకూడదు.

మే 22, గురువారం

త్సెలిసో పెట్టెతో దిగాడు. గుర్రం కట్టేసి, దుప్పటి భుజానికి ఎగదోసుకుని బండి చుట్టూ తిరిగాడు. వంగి కిందికి చూశాడు.

"ఇదేంటన్నా, బండికి లంగా కట్టావు?"

"రాళ్లకి."

"నా గుర్రం కూడా రాళ్ల మీదే వస్తుంది. దాని కడుపుకి నేనేం కట్టలేదు."

"నీ గుర్రం ఒక రోజు ఆలస్యంగా వస్తుంది."

"వస్తుంది గదా. నీ బండి ఫిబ్రవరి నుంచి ఎన్నిసార్లు వచ్చింది?"

టీ పెట్టాను. చాలాసేపు కూర్చున్నాడు. చలికాలం వస్తోంది గనుక వచ్చే నెల మధ్యలో పశువుల్ని కొండ మీది మేత నుంచి కిందికి తోలుకొస్తాడట. మంచు ఈసారి ముందే పడేలా ఉందన్నాడు. లేచి వెళ్లబోతూ, "నీ బిడ్డ నిన్న నా గుర్రం మీద ఊరి చివరిదాకా వచ్చింది," అన్నాడు. "నాన్న దగ్గరికేనా పోయేది అని అడిగింది. పెట్టె దగ్గరికి అన్నాను."

అతను వెళ్లాక కప్పులు కడిగాను. ఇంట్లో ఇంకొకరు మాట్లాడి చాలా రోజులైంది.

మే 25, ఆదివారం

అత్తయ్య ఫోన్ చేసి కెనేవెకి ఇచ్చింది. కెనేవె "హలో" అంటే చివర పైకి లాగుతుంది. మా ఆవిడ మాకెనేవె అలాగే లాగేది.

సిగ్నల్ బాగాలేదని చెప్పి పెట్టేశాను.

మే 29, గురువారం

పైకి బయల్దేరాను. మొదటి మెట్టు దాకా వెళ్లాను. ఎడమ ఫోర్కు సీలు దగ్గర చెమ్మ కనిపించింది. వెనక్కి వచ్చాను.

ఇంటికొచ్చి తుడిచి చూశాను. చెమ్మ నూనెది కాదు. మంచు. అయినా సీలు మార్చడం మంచిది. సీలు ఆర్డర్ పెట్టమని మ్మే పులేన్‌కి రాశాను.

జూన్ 2, సోమవారం

ఆఫీసు నుంచి రేకు వచ్చింది. అల్యూమినియం. అందంగా ఉంది, కానీ పలచన. మెట్ల కనుమకి ఇది చాలదు. నాదే ఉంచాను. ఇంకాస్త మేలుకని దానికి రెండు పక్కలా నిలువు రెక్కలు వెల్డు చేశాను. ఇప్పుడు ఇంజిన్ అడుగు తొట్టిలో కూర్చున్నట్టుంది. ఏ పక్కనుంచీ రాయి తగలదు.

జూన్ 6, శుక్రవారం

చెప్పకుండా వచ్చేసింది మ్మే పులేన్. చేతి తొడుగులు తీసి బండి మొత్తం చూసింది. స్పోకులు ఒక్కొక్కటీ గోటితో మీటింది. సీలు తుడిచి వేలు వాసన చూసింది.

"ఈ బండి జిల్లాలో ఉన్న అన్ని బండ్లకన్నా బాగుంది."

"వెనక సస్పెన్షన్ కొంచెం—"

"న్తాతే మోఖెలే."

ఆగాను.

"నువ్వు పైకి ఎందుకు వెళ్లడం లేదో నాకు చెప్పక్కర్లేదు. మా ఆయన పోయాక నేను మార్కెట్టు వీధి మానేసి చుట్టూ తిరిగి ఆఫీసుకి వెళ్లేదాన్ని, ఏడాది పాటు. ఎవరికీ కారణం చెప్పలేదు. కానీ రిపోర్టులో బండి మీద పెట్టి రాయకు. నీ రిపోర్టు చూసి ఆ దారి పనికిరాదని పైవాళ్లు కొట్టేస్తే ఇక అక్కడి డబ్బాలు ఎప్పటికీ గుర్రం మీదే."

"దారి నిజంగానే బాగాలేదు."

"దారి ఎప్పుడు బాగుంది?"

నా రేకు రెక్కల్ని చేత్తో ఊపి చూసింది. కదల్లేదు. గట్టిగా చేశావంది. వెళ్లేటప్పుడు పైక్లినిక్‌కి మందుల పెట్టె ఇచ్చింది. పద్నాలుగో తారీకు లోపల అందాలట. గుడ్డ తీసే తారీకు ఆమెకు ఎవరు చెప్పారో అడగలేదు.

జూన్ 9

చలి. మాకెనేవె సమాధి చుట్టూ కంచె వదులైంది, బిగించాను. స్పోకులు కూడా.

జూన్ 11, బుధవారం

ఇవాళ సిగ్నల్ బాగుంది. ఫోన్ రాలేదు. నేనూ చెయ్యలేదు.

కెనేవె పుట్టకముందే మా అమ్మ మాకెనేవెకి ఆ పేరు పెట్టింది, కెనేవె తల్లి అని, పుట్టబోయే బిడ్డ పేరుతో. మొదట్లో ఆ పేరుతో పిలిస్తే పలికేది కాదు. ఇంకా లేని పిల్లకి నేనెలా తల్లినవుతాను అనేది. కెనేవెకి ఇప్పుడు ఏడేళ్లు.

బ్లూమ్‌ఫాంటైన్‌లో బడి నిజంగానే బాగుంటుంది. మాలిచాబా మంచి మనిషి. నేను వారంలో సగం రోజులు కొండల మీద ఉంటాను. ఇక్కడ పిల్లకి వండి పెట్టేదెవరు? ఇవన్నీ నిజాలే. కాగితం మీద రాసుకుంటే ఇంకా నిజంగా కనిపిస్తున్నాయి.

జూన్ 12

రేపు వెళ్తాను. మందుల పెట్టె ఇవ్వాలి గదా.

జూన్ 13, శుక్రవారం

త్సెలిసో గుడిసెలో రాస్తున్నాను. కొండ మీది మేతకి వచ్చినప్పుడు ఉండేది. రాతి గోడలు, గడ్డి కప్పు. త్సెలిసో లేడు.

జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున బయల్దేరాలనుకుని మధ్యాహ్నం బయల్దేరాను. గాలి మళ్లీ చూశాను, లివర్లు మళ్లీ చూశాను. మొదటి మెట్లు నాలుగూ బాగా ఎక్కాను. రేకు రెండుసార్లు రాతికి గీరుకుంది, ఇంజిన్‌కి ఏమీ కాలేదు. ఆ చప్పుడు విని సంతోషపడ్డాను, నిజం చెప్పాలంటే. దాని పని అది చేస్తోంది.

కనుమ ఇరుకు దగ్గర త్సెలిసో పశువులు దిగుతున్నాయి. మంద మొత్తం. దారి నిండా కొమ్ములు. రెండు వైపులా బండలు. నా చేతికి నల్లగుడ్డ ఉంది. అది ఉన్నవాడు ఇంకొకళ్ల మందలోంచి నడవకూడదు. పశువులకి చేటని మా వాళ్ల నమ్మకం. నేను రక్తం సీసాలు మోసేవాణ్ని, క్షయ ఎలా వస్తుందో ఊరూరా చెప్పేవాణ్ని. నాకు ఆ నమ్మకం లేదు. అయినా వేరేవాళ్ల పశువుల్లోంచి ఎలా పోతాను?

ఆగి ఉండాల్సింది. మంద దాటేదాకా పక్కన నిలబడి ఉంటే సరిపోయేది. కానీ అప్పటికే పొద్దు వాలింది. నేనే ఆలస్యం చేశాను. కాబట్టి దారి వదిలి ఎడమ పక్క వాగులోకి దించాను. నీళ్లు లేవు. గుండ్రాళ్లు, ఒక్కొక్కటి కుండంత. నెమ్మదిగా నిలబడి నడిపాను. ముందు చక్రం ఒక చిన్న రాయిని వెనక్కి విసిరింది. అది రేకు ముందు వంపు మీదుగా లోపల పడింది. టక్కున వినిపించింది. బయటికి పోవాల్సిన రాయి రెక్కల వల్ల పోలేదు. రేకుకీ ఇంజిన్‌కీ మధ్య ఇరుక్కుంది. తర్వాతి బండ రేకుకి కిందనుంచి తగిలింది. రేకు వంగింది. ఇరుక్కున్న రాయి పైకి తన్నింది.

ఇంజిన్ ఆపేశాను. నూనె వాసన వచ్చింది. వంగి చూశాను. కేసు పగిలింది. అదే ఎడమ సగం.

రాయిని బయటికి లాగాను. కోడిగుడ్డంత ఉంది.

త్సెలిసో మంద వెనక వచ్చి పైనుంచి చూశాడు.

"అన్నా, అక్కడేం చేస్తున్నావు? దారి ఇక్కడ గదా."

చెయ్యెత్తి గుడ్డ చూపించాను. అతను కర్ర పక్కన పెట్టి వాగులోకి దిగాడు. ఇద్దరం కలిసి బండిని బండ పక్కకి నెట్టి నిలబెట్టాం.

"ఆగి ఉంటే పోయేదిగా?"

"ఆలస్యమైంది."

"పశువులకి కూడా ఆలస్యమైంది. అవేం వాగులోకి దూకలేదు." తర్వాత గొంతు తగ్గించాడు. "నా మంద కోసం దిగావు. అది నేను మర్చిపోను. నేను వీటిని చీకటి పడేలోపు కింద దొడ్డికి చేర్చాలి. గుర్రం నువ్వు తీసుకో. రేపు తెల్లవారేసరికి హా-సెకోటోలో ఉండాలి గదా. పైన నా గుడిసెలో నిప్పు ఇంకా ఉంటుంది."

"గుడ్డ తీసేది రేపని నీకెలా తెలుసు?"

"ఊరందరికీ తెలుసు. నువ్వు వస్తావా రావా అని పందేలు కాశారు."

"నువ్వేం కాశావు?"

"రావని," అన్నాడు. గుర్రం జీను బిగించి, మందుల పెట్టె దానికి కట్టి ఇచ్చాడు.

గుర్రం నన్ను నమ్మలేదు, అయినా తీసుకొచ్చింది. నిప్పు ఉంది. చుట్టూ ఎవరూ లేరు. మంచు మొదలైంది. బండి కింద వాగులో ఒక్కటే ఉంది. ఫిబ్రవరిలో దాన్ని ఇలాగే వదిలి వెళ్లినప్పుడు రాత్రంతా నిద్ర పట్టలేదు. ఇవాళ దాని గురించి అంతగా ఆలోచించడం లేదు. రేపు గుమ్మంలో నిలబడి ఏం అనాలా అని ఆలోచిస్తున్నాను. బండి పాడైందని అనవచ్చు.

జూన్ 14, శనివారం

మంచులో గుర్రం నెమ్మదిగా నడిచింది. చేరేసరికి ఎండ వచ్చేసింది. గొర్రెని కోసేశారు. కుండలోంచి ఆవిరి వస్తోంది. ఆడవాళ్లు జొన్న కల్లు వడపోస్తున్నారు. న్తాతే లెబోనా నన్ను చూసి కూర్చున్న చోటునుంచి లేవలేదు. మాకెనేవెకి మేనమామ ఆయన. ఈ పని చెయ్యాల్సింది ఆయనే.

"తెల్లవారే సరికి అన్నాం."

"బండి పాడైంది."

"ఎప్పుడూ బండే."

అత్తయ్య అడ్డం వచ్చింది. "తిట్టడానికి సాయంత్రం ఉంది తమ్ముడూ. తల గొరుగు."

గొరిగాడు. కత్తి పదునుగా ఉంది, చెయ్యి కోపంగా ఉంది. ఎక్కడా తెగలేదు. తల కడిగారు, నీళ్లు మంచులా ఉన్నాయి. చొక్కా చేతి దారం కోసి నల్లగుడ్డ తీసి నిప్పులో వేశారు. అత్తయ్య కొత్త దుప్పటి కప్పి పిన్ను పెట్టింది. గీతలు నిలువుగా ఉన్నాయో లేదో చూసి సరిచేసింది.

"ఇక ఎవరి మందలోంచైనా నడవచ్చు," అన్నాడు న్తాతే లెబోనా.

ఆయనకి నిన్నటి సంగతి తెలియదు. ఎప్పుడూ అనే మాటే అన్నాడు.

కెనేవె మాలిచాబా వెనక నిలబడి చూసింది. పొడుగైంది. నా దగ్గరికి రాలేదు. నేనూ పిలవలేదు. మధ్యలో గొర్రె మాంసం పళ్లెం పెట్టారు.

జూన్ 15, ఆదివారం

మందులు క్లినిక్‌లో ఇచ్చాను. నర్సు మంచు తొక్కుకుంటూ నా వెంట గేటుదాకా వచ్చి, గురువారం పెట్టెలు బండి మీద మళ్లీ ఎప్పుడు మొదలవుతాయని అడిగింది. ఇక్కడికి పక్కనే ఇంకా రెండు క్లినిక్‌లు ఉన్నాయి, వాటివి కూడా ఈ గురువారం పెట్టె కోసమే ఆగుతున్నాయట. కొండ మీద వాటి మధ్య దారి చదునే. మధ్యాహ్నం అటు నడిచి చూసేదాకా నాకు తెలియలేదు.

సాయంత్రం పొయ్యి దగ్గర కెనేవె నా పక్కనే కూర్చోవలసి వచ్చింది, వేరే చోటు లేదు కాబట్టి.

"బండి ఏది?"

"వాగులో ఉంది."

"విరిగిందా?"

"కింద చిల్లు పడింది."

"బాగవ్వడానికి ఎన్ని రోజులు?"

"ఎందుకు?"

"ఊరికే."

ఇంజిన్‌కి అతుకు పెట్టడానికి రెండు గంటలు చాలు. వేడిని తట్టే లప్పం క్లినిక్ జనరేటర్ గదిలో ఉంది, పొద్దున నేనే చూశాను.

"చాలా రోజులు పడుతుంది," అన్నాను.

కర్రతో నిప్పులు కెలికింది. కాసేపయ్యాక తన పళ్లెంలోంచి ఒక ముక్క నా పళ్లెంలో వేసింది. కొవ్వు ముక్క. తనకి ఇష్టం ఉండదు.

జూన్ 16, సోమవారం

సరిహద్దు వైపు నుంచి టాక్సీ వ్యాను వచ్చింది. మాలిచాబా సంచులు పైన కట్టారు. కెనేవె సంచి కూడా. చిన్నది, ఆకుపచ్చది. కెనేవె ఎవరూ చెప్పకుండానే వ్యాను పక్కన నిలబడింది. ఏడవలేదు. అది చూశాకే నేను కదిలాను.

"ఆ సంచి దింపండి," అన్నాను.

డ్రైవరు నిచ్చెన మీద ఆగాడు. "ఎక్కేదెవరో దిగేదెవరో తేల్చుకుని చెప్పండి. నాకింకా మూడు ఊళ్లున్నాయి."

మాలిచాబా నా వైపు తిరిగింది. "మరిదీ, మంచం చేయించాను. బడిలో పేరు రాయించాను. ఏడు నెలలు రాలేదు నువ్వు. ఇవాళ చెప్తావా?"

"ఇవాళే చెప్పగలిగాను."

న్తాతే లెబోనా అడిగాడు: "నువ్వు కొండలెక్కి తిరుగుతుంటే దీన్ని చూసేదెవరు? ఆ ఇంట్లో ఎవరున్నారు?"

"ఆ ఇంట్లో ఎవరూ లేరు. నేను ఇక్కడే ఉంటాను."

"ఎక్కడ?"

"అత్తయ్య ఇంట్లో. బండి ఇక్కడే పెట్టుకుంటాను."

డ్రైవరే ముందు నవ్వాడు. న్తాతే లెబోనా దుప్పటి సర్దుకున్నాడు.

"మగాడు అత్తగారింట్లో ఉండటమా? ఇల్లరికపు అల్లుడంటారు. పెళ్లాం లేని ఇల్లరికం, అది ఇంకా వింత. మీ ఊళ్లో ఏమంటారో తెలుసా?"

"తెలుసు."

"అననీ," అంది అత్తయ్య. "నా పైకప్పు కారుతోంది. అనేవాళ్లు వచ్చి వేస్తారా?"

సంచి దింపారు. మాలిచాబా వ్యానెక్కి అద్దం వైపు మొహం పెట్టి కూర్చుంది. వ్యాను కదలబోయే ముందు కిటికీ తీసి కెనేవె టోపీ చెవుల మీదికి లాగింది. నాతో మాట్లాడలేదు. ఆమె చేయించిన మంచం మీద ఇక ఎవరూ పడుకోరు. అది నా వల్లే.

మధ్యాహ్నం గుట్టెక్కి మ్మే పులేన్‌కి ఫోన్ చేశాను. రిపోర్టు చెప్పాను. మెట్ల కనుమలో ఏ రేకూ నిలవదు. బండి రాళ్ల మీద కిందనుంచి పైకి రోజూ ఎక్కితే రోజూ దెబ్బ తింటుంది. బండి పైనే ఉంటే పై మూడు క్లినిక్‌ల పెట్టెలూ చదును దారిలో కనుమ దాకా తెస్తుంది. కనుమ మటుకు గుర్రం దించుతుంది. కింద జీపు అందుకుంటుంది. అదే రోజు ల్యాబ్‌కి చేరుతుంది. రాళ్ల మీద బండి అసలు నడవక్కర్లేదు.

ఆమె రాసుకుంటున్న చప్పుడు.

"మరి నువ్వెక్కడ ఉంటావు?"

"బండి దగ్గర."

"ఇదంతా బండి కోసమేనా?"

"బండి కోసమే," అన్నాను.

"రిపోర్టులో అలాగే రాయి. ఈసారి నేను ఒప్పుకుంటాను."

జూన్ 18, బుధవారం

త్సెలిసో, ఇంకో నలుగురు, నాలుగు గాడిదలు. వాగులోంచి బండిని పైకి లాగాం. ఒకడు "అల్లుడుగారి కట్నం వస్తోంది, దారివ్వండి" అన్నాడు. అందరూ నవ్వారు. నేను ఇంతకన్నా ఎక్కువ అంటారనుకున్నాను.

పందెంలో ఓడిపోయినందుకు ఒక గొర్రె పోయిందని త్సెలిసో నన్ను తిట్టాడు.

చిల్లుకి లప్పం పెట్టాను. రేకు రెక్కలు కోసేశాను.

జూన్ 26, గురువారం

మూడు క్లినిక్‌ల పెట్టెలు కనుమ దగ్గర త్సెలిసోకి అందించాను. కింద జీపు అందుకుందని ఫోన్ వచ్చింది. దారిలో ఒక్క రాయి తగల్లేదు.

మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి వాకిట్లో అత్తయ్య ఒక్కతే ఉంది.

"కెనేవె ఏది?"

"ఇంజిన్ చప్పుడు విని లోపలికి పరిగెత్తింది. పొద్దున్నుంచీ ఈ గోడ మీదే కూర్చుంది, ఎండలో. నువ్వొచ్చేది చూడటానికి కూర్చుందని నీకు తెలియకూడదట."

బకెట్టు తెచ్చి బండి కడగడం మొదలుపెట్టాను. కడగాల్సినంత మురికి లేదు. తలుపు వైపు వీపు పెట్టి కూర్చున్నాను, తను బయటికి వచ్చేదాకా ఎంతసేపైనా సరేనని.